నెలిదా వాళ్ళ డాక్టరు

మా పేటలో ఏడుగురు మనసు డాక్టర్ల దిండు గలీబులు నేనే ఉతుకుతాను. బ్యూనస్ ఐరిస్ మొత్తంలో ఆ డాక్టర్లు మా నాలుగు వీధుల్లోనే కిక్కిరిసి ఉన్నారు కాబట్టి ఇది గొప్ప చెప్పుకునే సంగతేమీ కాదు. వచ్చినవాళ్ళు దివాను మీద వెల్లకిలా పడుకుని మాట్లాడతారు, డాక్టరు వాళ్ళ తల వెనక కూర్చుని వింటుంది, తల కింద గలీబు శనివారానికల్లా నా లాండ్రీకి వస్తుంది. జుట్టుకు వేసిన రంగు ఏ నీళ్ళలో వదులుతుందో, కళ్ళకు దిద్దిన నలుపు ఏ సబ్బుకు లొంగుతుందో నన్నడగండి. వెల్లకిలా పడుకుని ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు చెవుల వైపు కారతాయి. అందుకని ఆ మరకలు గలీబుకు రెండు పక్కలా ఉంటాయి. వాటికి చల్లనీళ్ళు చాలు.

ఇలారియో గలీబులు కూడా నా దగ్గరికే వచ్చేవి. అతను డాక్టరు కాదు, నా లాండ్రీకి ఎదురుగా ఉన్న తొమ్మిదంతస్తుల భవనానికి ముప్పై ఒక్క ఏళ్ళుగా వాచ్‌మన్. కింద రెండు గదుల్లో కాపురం. పొద్దున్నే ఆరున్నరకల్లా వాకిలి కడిగేసి, వీధి తలుపు ఇత్తడి పిడికి, గంటల మీటలున్న ఇత్తడి పలకకి పాలిష్ పెట్టి ముఖం కనబడేలా రుద్దేవాడు. ఆ పాలిష్ వాసన అతని చేతులకి పట్టింది, ఆ చేతులతో సర్దుకునే జుట్టుకి పట్టింది, ఆ జుట్టు ఆనిన దిండుకి పట్టింది. "నేను పెళ్ళాడింది మొగుణ్ణి కాదే జులేమా, తలుపు పిడిని" అని అతని భార్య నెలిదా నా కౌంటరు మీద మోచేతులానించి నవ్వేది.

నెలిదా పోయాక మూట అతనే కట్టి తెచ్చేవాడు. ప్రతి శనివారం రెండు గలీబులు ఉండేవి. ఒకటి పాలిష్ కంపు కొట్టేది. రెండోది పోయిన వారం నేను ఇస్త్రీ చేసిన మడత నలక్కుండా, ఉన్నది ఉన్నట్టే తిరిగొచ్చేది. రెండేళ్ళు అలాగే తెచ్చాడు. రెండేళ్ళూ నేను ఆ ఉతికినదాన్నే మళ్ళీ ఉతికి ఇచ్చాను. జులేమాకి నోరెక్కువని వీధంతా అంటుంది గానీ, ఆ రెండో గలీబు సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు.

నెలిదా పక్కవీధి బడిలో వంట చేసేది. గట్టి మనిషి, నవ్వుల మనిషి. అయినా పదకొండేళ్ళ పాటు సోమ, బుధ, శుక్రవారాలు నాలుగింటికి డాక్టర్ గుత్నిక్ దగ్గరికి వెళ్ళేది. దానికెవరూ వింతపడలేదు. మా కూరగాయల కొట్టతను వెళతాడు, ట్యాక్సీ నడిపే అతని తమ్ముడు వెళతాడు. నేనూ నాలుగేళ్ళు వారానికోసారి వెళ్ళి, ఆఖరికి ఆ డాక్టరుతో దెబ్బలాడి మానేశాను. ఇలారియో నెలిదాని గుత్నిక్ వాకిలి దాకా దిగబెట్టి, యాభై నిమిషాలయ్యాక మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేవాడు. దారిలో ఇద్దరూ లిఫ్టు మరమ్మతు గురించో, ఐదో అంతస్తు కుక్క గురించో మాట్లాడుకునేవాళ్ళు. లోపల ఏం చెప్పుకున్నావని అతను ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి పెళ్ళాం తనంతట తాను చెబుతుందా? ఆమెకి జబ్బు చేసింది, ఆస్పత్రిలో ఆరు వారాలుంది, పోయింది. ఆ పదకొండేళ్ళ మాటలూ ఆమెతోనే పోయాయి.

ఆ తర్వాత రెండేళ్ళకి, నవంబరులో ఒక సాయంత్రం, అతను నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పని అయ్యాక రోజూ ఒక గంట అలా వచ్చి కూర్చునేవాడు. నేను ఎండు సొరబుర్రలో మాతే ఆకు వేసి వేణ్ణీళ్ళు పోసి ఇస్తే టీలా గొట్టంతో పీల్చి, బుర్ర నాకు తిరిగిచ్చి, ఊరుకునేవాడు. మాట్లాడేదంతా నేనే.

"జులేమా, నేనూ వెళ్దామనుకుంటున్నా" అన్నాడు.

"ఎక్కడికి, సముద్రానికా?"

"డాక్టరు దగ్గరికి."

పోస్తున్న నీళ్ళు ఆపాను. "నువ్వా? నోట్లో నాలుక లేనివాడివి, అక్కడికెళ్ళి ఏం మాట్లాడతావయ్యా? ఇద్దరూ గోడ గడియారం చూస్తూ కూర్చుంటారా?"

"నిద్ర పట్టట్లేదు. తిండి సయించట్లేదు. మూడో అంతస్తావిడ చెప్పింది, ఊరికే వారానికోసారి వెళ్తే లాభం లేదట, మూడుసార్లు వెళ్ళాలట."

"మూడో అంతస్తావిడ ఇరవై ఏళ్ళుగా వెళ్తోంది. ఏం బాగుపడింది? లిఫ్టులో అద్దం చూసి ఇప్పటికీ ఏడుస్తుందని నువ్వేగా చెప్పావు!"

"అందుకే ముందే ఒప్పుకోను. మూణ్ణాలుగుసార్లు మాట్లాడి చూస్తారట. అది నాకు పనికొచ్చేదో కాదో అప్పుడు ఇద్దరూ తేల్చుకోవచ్చట."

"సరే, ఎవరి దగ్గర?"

అతను బుర్రలోకి చూస్తూ, "గుత్నిక్ దగ్గర" అన్నాడు.

"మతిపోయిందా నీకు? ఆవిడ నెలిదా డాక్టరు!"

"అదే మరి. మా సంగతులన్నీ తెలిసినావిడ. మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకునే బాధ తప్పుతుంది కదా."

ఒకరి డాక్టరు దగ్గరికి ఆ ఇంట్లో ఇంకొకరు వెళ్ళకూడదని మా పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకరి బ్రష్షుతో ఇంకొకరు పళ్ళు తోముకున్నట్టు ఉంటుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే వెళ్ళాడు.

మొదటిసారి వెళ్ళొచ్చి నేరుగా నా స్టూలు మీదికే వచ్చాడు. గంట మీట నొక్కితే, పలకలో ఉన్న మైకులోంచి ఎవరని అడిగిందట ఆవిడ. "నెలిదా భర్తనండీ" అన్నాడట. తర్వాత ఆవిడే లిఫ్టులో దిగొచ్చి తాళం తీసిందట. మా ఊళ్ళో వీధి తలుపుకి లోపల్నుంచి కూడా తాళమే; రావాలన్నా, పోవాలన్నా ఇంటివాళ్ళు తాళంచెవి పట్టుకుని దిగాల్సిందే.

"ఏమందయ్యా?"

"మీకు నేను డాక్టరుగా ఉండగలనో లేదో నాకే తెలీదు, మాట్లాడి చూద్దాం అంది. కుర్చీ చూపించింది. నేను మా లిఫ్టు గురించి చెప్పా."

"యాభై నిమిషాలూనా?"

"కొత్త మోటారు సంగతి కూడా చెప్పాలి కదా." బుర్ర నా చేతికిచ్చి, "దివాను అక్కడే ఉంది జులేమా. దాని మీద తెల్ల గలీబు, మూల మీద చిన్న పువ్వు కుట్టింది" అన్నాడు.

మూలన పువ్వు కుట్టిన గలీబులు గుత్నిక్‌వి. పదకొండేళ్ళు నేను ఉతికినవే. నెలిదా కన్నీళ్ళు, ఎవరివో తెలియని మిగతావాళ్ళ కన్నీళ్ళతో కలిసి, నా చేతుల మీదుగానే కాలువలోకి పోయాయి. కౌంటరు మీద మోచేతులానించి నవ్వే మనిషి ఏడ్చేదని నాకు తట్టనే లేదు. ఆ మాట అతనితో అనలేదు. ఆ సాయంత్రం లోపలికెళ్ళి ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి బాగా ఏడ్చాను.

రెండోసారి వెళ్ళేటప్పుడు జేబులో నూనె డబ్బా పెట్టుకెళ్ళాడు. గుత్నిక్ గది తలుపు కీచుమంటోందట. ఆవిడ మాట్లాడుతుండగానే లేచి, బందులకి చుక్క చుక్క నూనె వేసి, రెండుసార్లు తెరిచి మూసి చూపించాడట.

"ఆవిడేమంది?"

"ఆ తలుపు ఇరవై ఏళ్ళుగా కీచుమంటోంది, అది మూసుకుందని లోపలున్నవాళ్ళకి తెలిసేది ఆ చప్పుడుతోనే అంది." అతని మొహం చిన్నబోయి ఉంది. "పాడుచేశానంటావా?"

"నూనె వేస్తే పాడవుతుందా? ఆరు నెలల్లో మళ్ళీ కీచుమంటుందిలే."

మూడోసారి డిసెంబరు మొదట్లో వెళ్ళాడు. ఆ రోజు జరిగింది అతను ఒక్కో మాటే పోగేసుకుని చెప్పాడు, నేను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. గుత్నిక్ డెబ్భై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడుతుంది.

"ఇలారియో గారూ, ఒకసారి లిఫ్టు గురించి చెప్పారు. ఒకసారి నా తలుపు బాగుచేశారు. ఇవాళేమో నెలిదా ఎక్కడ కూర్చునేది, కాళ్ళు ఎటు పెట్టుకునేది అని అడుగుతున్నారు. మీకేం కావాలి?" అందట.

"పదకొండేళ్ళు మాట్లాడింది కదండీ మీతో. నా గురించి ఒక్క మాటైనా అందా? మంచో చెడో, ఏదైనా సరే. అదొక్కటీ చెప్పండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

"చెప్పను."

"ఆమె పోయింది కదండీ."

"పోయినా ఆమె మాట ఆమెదే."

ఇలారియో తల దించుకున్నాడట. అప్పుడావిడ కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని చెప్పిందట. నిద్ర కోసమైతే మందు రాసే డాక్టర్లున్నారు. మనసు తేలికపడాలంటే వారానికోసారి ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు, పేకాట స్నేహితులున్నా కొందరికి అదే చాలు. వారానికి మూడుసార్లు, ఏళ్ళ తరబడి, ఆ దివాను మీద పడుకోవడం అందరికీ కాదు. "బతుకులో ఒకటే పొరపాటు తిరిగి తిరిగి జరుగుతోందనీ, అది చేస్తున్నది తన చెయ్యేననీ అనుమానం వచ్చినవాళ్ళకి అది. వాళ్ళకి కూడా బాధ తగ్గే ముందు పెరుగుతుంది. మీకా అనుమానం ఉందా?"

"తెలీదండీ" అన్నాడట.

ఆవిడ ఒక కాగితం మీద పేరు రాసిచ్చింది. "నెలిదా కోసమైతే ఎక్కడికీ వెళ్ళకండి, ఆమె ఏ గదిలోనూ దొరకదు. మీ కోసమైతే ఈయన దగ్గరికి వెళ్ళండి. నా దగ్గరికి మాత్రం కాదు. సెలవులొస్తున్నాయి, మార్చి దాకా తొందరేం లేదు, ఆలోచించుకోండి."

ఇద్దరూ లిఫ్టులో దిగారు. వీధి తలుపు దగ్గర, ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఇలారియో తన తాళాల గుత్తి తీసి ఆవిడ తాళంలో దూర్చి తిప్పబోయాడట. తిరగలేదు. ఆవిడ అతని చెయ్యి పక్కకి జరిపి, తన తాళంచెవి పెట్టి, తలుపు తీసి పట్టుకుని నిలబడిందట.

"నా కోసం ఎవరూ తలుపు తీసి పట్టుకుని నిలబడలేదు జులేమా ఇన్నేళ్ళలో. బయటికి ఎలా నడవాలో కూడా తెలీలేదు" అన్నాడు.

కాగితం నా కౌంటరు మీద పెట్టాడు. డాక్టర్ పెర్రోనే. నాకు తెలుసు, బూడిదరంగు గలీబులు, నీలం అంచు.

"ఏమంటావు, వెళ్ళనా?"

"వెళ్ళకు" అన్నాను. "ఉన్న పుండు చాలదని ఇంకా గోకించుకుంటావా? నాలుగేళ్ళు వెళ్ళినదాన్ని నేను చెబుతున్నా. ఏమన్నా ఉంటే ఇక్కడికొచ్చి నాతో చెప్పు."

అతని మేలు కోరి అన్నాననే అనుకున్నాను అప్పుడు. నిజం వేరు. నేనూ ఒంటరిదాన్నే. లాండ్రీ మూశాక నా గదిలో నా గొంతు కూడా నాకు వినబడదు. రోజుకొక గంట ఆ స్టూలు మీద కూర్చునే మనిషి అతనొక్కడు. ఎవరో పెర్రోనే ఆ గంట పట్టుకుపోతాడని నా భయం. సిగ్గులేకుండా ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

ఫిబ్రవరి వచ్చింది, మా దేశంలో అది నడి ఎండాకాలం. ఫిబ్రవరిలో మా డాక్టర్లందరూ ఒక్కసారే సముద్రానికి పోతారు. నెలంతా గలీబులు రావు. ఏడుపు నెలాఖరు దాకా దాచుకోవాలి కాబట్టి పేషెంట్లు కాఫీ హోటళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. ఎండకి తారు మెత్తబడి, వీధిలో కుక్క కూడా కనబడదు. నాకు పని లేదు, అతని భవనంలో మనుషులు లేరు. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఫ్యాను కింద కూర్చున్నాం. నేను కూడా మాట్లాడ్డం మానేశాను, మాటలు అయిపోయాయి.

"ఆస్పత్రిలో కూడా ఒక తలుపుండేది" అన్నాడు ఇలారియో.

నేను తిరిగి చూశాను.

"నెలిదా గది తలుపు. కీచు, కీచు. నర్సు వచ్చినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది. ఆఖరి రోజు మధ్యాహ్నం నేను స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళా. బందు ఊడదీసి కూర్చున్నా. ఆమె పిలిచింది. 'ఇలారియో, అది వదిలెయ్. ఇలా వచ్చి కూర్చో, నీకొకటి చెప్పాలి' అంది. ఒక్క నిమిషం, ఇది బిగించేసి వస్తా అన్నా."

అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నాలుగు స్క్రూలు జులేమా. నాలుగోది పట్టట్లేదు. అది పట్టేసరికి ఆమె నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు."

ఫ్యాను తిరుగుతోంది. నేనేదో అనాలి కదా. "పోనీలే, నువ్వు మంచివాడివి. నువ్వెంత ప్రేమగా చూసుకున్నావో ఆమెకి తెలియదా ఏంటి" అన్నాను. అలాంటి చోట ఎవరైనా అనే మాటే.

అతని మొహం చూస్తుండగానే మూసుకుపోయింది. "అవునులే" అని లేచి, నా ఇస్త్రీ పెట్టె వైరు చేతిలోకి తీసుకుని చూడడం మొదలుపెట్టాడు. "ఇది తెగేలా ఉంది, టేపు ఉందా?"

అప్పుడు నాకు తెలిసింది. ఆ స్క్రూలు అతను ఇంకా బిగిస్తూనే ఉన్నాడు. గుత్నిక్ తలుపుకి బిగించాడు, ఇప్పుడు నా వైరుకి బిగిస్తున్నాడు. నేనేమో రెండేళ్ళుగా అతని చేతికి స్క్రూడ్రైవరు అందిస్తున్నాను. అతను నోరు తెరిచిన ప్రతిసారీ నేనొక మంచి మాట పెట్టి మూసేస్తున్నాను.

"వైరు వదిలెయ్" అన్నాను. "పెర్రోనే దగ్గరికి వెళ్ళు."

"నువ్వే కదా వద్దన్నావు."

"నా కోసం వద్దన్నాను. నీ కోసం వెళ్ళమంటున్నాను. ఈ తలుపు సంగతి నెలిదాది కాదు, నీది. నాకు చెబితే నేనిలాగే సముదాయిస్తాను, అంతకన్నా నాకు చేతకాదు. సముదాయించనివాడి దగ్గరికి వెళ్ళు."

అతను వైరు కింద పెట్టాడు. లేచి వీధి దాటి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు స్టూలు మీదికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఎదురు వాకిట్లో ఇత్తడి పిడి రుద్దుతూ కనబడేవాడు, చెయ్యెత్తి పలకరించేవాడు, లోపలికి వెళ్ళిపోయేవాడు. నోరు జారి ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

మార్చిలో డాక్టర్లు నల్లబడి తిరిగొచ్చారు. గలీబులు మళ్ళీ రావడం మొదలైంది. ఆ నెల ఆఖరి శనివారం పొద్దున పెర్రోనే సంచి విప్పాను. బూడిదరంగువి, నీలం అంచువి, ఆరు. నాలుగోది దులపగానే ఇత్తడి పాలిష్ వాసన గుప్పుమంది. కౌంటరు మీద పరిచి చూశాను. రెండు పక్కలా, చెవులు ఆనేచోట, తడి ఆరిన మరకలున్నాయి.

నాకు సంతోషం వేసింది. ఆ వెనకే ఉక్రోషం వచ్చింది. రెండేళ్ళు నా ఎదుట కూర్చుని ఒక్క చుక్క రాల్చని మనిషి, ఆ దివాను మీద నెల తిరక్కుండా ఏడ్చాడు.

మధ్యాహ్నం ఇలారియో తన మూట తెచ్చాడు. కళ్ళ కింద వాపు ఉంది. బాధ తగ్గే ముందు పెరుగుతుందని గుత్నిక్ చెప్పిన మాట గుర్తొచ్చింది. అతను మూట విప్పి, ఎప్పట్లాగే రెండు గలీబులు కౌంటరు మీద పెట్టాడు, ఒకటి మాసింది, ఒకటి మడత నలగనిది.

"రెండూ ఉతకాలా?" అన్నాను. రెండేళ్ళలో అదే మొదటిసారి అడగడం.

అతను మడత నలగనిదాని మీద చెయ్యి వేసి, మడత వెంబడి ఒకసారి నిమిరాడు.

"ఒకటి చాలు" అన్నాడు. రెండోదాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మాతే తాగుతావా? నీళ్ళు కాగాయి."

"ఇవాళ కాదు జులేమా. ఇంటికెళ్ళి కాసేపు ఊరికే కూర్చుంటా."

అతను వీధి దాటి వెళ్ళేదాకా చూశాను. పెర్రోనే గలీబుల్లో ఐదు మిషన్లో వేశాను. నాలుగోదాన్ని విడిగా తీసి, చల్లనీళ్ళలో, చేత్తోనే ఉతికాను. మరకలు వెంటనే వదిలాయి. పాలిష్ వాసన వదల్లేదు, నేనూ గట్టిగా రుద్దలేదు. తర్వాత మాతే కలుపుకుని, స్టూలు నా వైపు లాక్కుని, ఒక్కదాన్నే తాగాను.